శనివారం పదకొండు నుంచి మూడు దాకా

మదనపల్లె,
18 సెప్టెంబరు 2024

చెల్లెలు యేసమ్మకు,

నీ వందనాలకు బదులు వందనాలు నా దగ్గర లేవని ముప్పై ఏళ్ల కిందటే చెప్పాను. కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

ఇంటికి చేరి పన్నెండు రోజులైంది. గోడ పట్టుకుంటే నడవగలను. వదిలితే నేల ఎడమకు ఒరుగుతుంది. చదవడం పావుగంట, అంతకు మించితే కళ్ల వెనక నొప్పి. చెవుల సంగతి నీకు తెలిసిందే, రెండూ పోయాయి. మొన్న ఒక స్టీలు పళ్లెం వంటింటి బండ మీద పడేసి చూశాను. అది గిరగిర తిరిగి ఆగడం కనపడింది, అంతే. లోపల మాత్రం కుక్కరు ఆవిరి వదులుతున్నట్టు ఒకటే రొద. వంట చేసే మునిలక్ష్మి పలక కొనుక్కొచ్చింది. నిన్న దాని మీద ఇలా రాసి చూపించింది: "సారూ, మీరు యాల అట్ల అరస్తారు? చెవుడు మీకు గదా, నాకు కాదే." నలభై ఏళ్లు ఇంగ్లిషు చెప్పినవాడికి ఈ వయసులో పలక రాత. ఫోనులో అక్షరాలు చూడబోతే తల తిరుగుతుంది. అందుకే ఈ కాగితం.

నిన్న కుప్పం పోలీసు స్టేషనుకు రిజిస్టర్ పోస్టులో ఫిర్యాదు పంపాను. నీ కొడుకు బ్లెస్సన్ మీద.

నాకు గుర్తున్నది ఇంతే. ఆగస్టు తొమ్మిది, శుక్రవారం సాయంత్రం, కుప్పంలో బస్సు దిగి నీ ఇంటికి వచ్చాను. ఆదివారం ప్రసాదరావు పుస్తకావిష్కరణ. మన మిషన్ బళ్ల చరిత్ర తానే తవ్వి తీశానని ఊరేగుతున్నాడే, ఆ పుస్తకంలో నలభై పేజీలు నా నోటుబుక్కులోవి. ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, సభలో లేచి నిలబడి చదవాలని వచ్చాను. శనివారం పొద్దున్నే తల పగిలిపోతోంది. నీ ముందుగదిలో ఉపవాస ప్రార్థన, చాపల నిండా ఆడవాళ్లు. నా నెత్తి మీద బ్లెస్సన్ చెయ్యి, చెవి పక్కన వాడి కేక. ఆ తర్వాత ఏమీ లేదు. నాకు తెలివి వచ్చేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. ఈ లోకంలో నేను విన్న ఆఖరి గొంతు నీ కొడుకుది.

నన్ను ఆసుపత్రిలో చేర్చిన సమయం మూడు గంటల నలభై నిమిషాలని కాగితంలో ఉంది. వెన్నులోంచి నీరు తీసి చూసి, మెదడు పొరలకు వాపు, మెనింజైటిస్ అన్నారు. నాలుగు గంటల ముందు తెచ్చి ఉంటే చెవులు దక్కేవేమో అని డాక్టర్ దీప రాసి చూపించింది. "ఏమో" అన్నది ఆవిడ మర్యాద. ఆ నాలుగు గంటలు ఏమయ్యాయో మీ ప్రార్థనకు వచ్చే రెడ్డెమ్మ చెప్పింది. వార్డులో నా మంచం పక్కన కూర్చుని, మొహం వెలిగిపోతుండగా కాగితం మీద రాసిచ్చింది: "సారూ, ఆ పొద్దు మీకు అన్యభాషలు వచ్చినాయి. అందురమూ ఏడ్చినాము." జ్వరంలో ఇంగ్లిషు, సంస్కృతం, నాకు వచ్చిన నాలుగు లాటిన్ ముక్కలు కలిపి పలవరించాను. ఆత్మ దిగి ఎవరికీ తెలియని భాషలో మాట్లాడిస్తోందని నీ కొడుకు, వాడి మంద చప్పట్లు కొట్టారు. లోపల నా మెదడు చీము పడుతోంది.

నువ్వు ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసినదానివి. ఆ ఇంట్లో బుద్ధి ఉన్న మనిషివి నువ్వొక్కతివే. శనివారం పదకొండు నుంచి మూడు దాకా ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి పంపు. సాక్ష్యానికి కావాలి.

శాలేము రాజు

*

కుప్పం,
27 సెప్టెంబరు

అన్నకు,

వద్దన్నా వందనాలు పెడుతున్నాను. అలవాటు.

ముందు మందులు. మూర్ఛ రాకుండా ఇచ్చిన మాత్ర ఒక్క పూట కూడా మానవద్దు. స్నానాల గదిలో గడియ వేసుకోవద్దు. మేడ మెట్లు ఎక్కవద్దు. మునిలక్ష్మిని తిట్టవద్దు, అది వెళ్లిపోతే ఇంకొకరు దొరకరు.

ఎస్సై బ్లెస్సన్‌ను పిలిపించాడు. నేనూ వెంట పోయాను.

"ఏమప్పా, మీ మామ ఒళ్లు తెలీకుండా పడి ఉంటే ఆస్పత్రికి తోలకపోకుండా పాటలు పాడతా ఉంటివంటనే?"

"అవును సార్."

"ఎంతసేపు?"

"నాలుగు గంటలు సార్."

"నీకు కండ్లు లేవా? యాల తోలకపోలేదు?"

వాడు తల వంచుకున్నాడు. నీకు ప్రయాణం చేసే ఓపిక వచ్చాక ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అప్పుడు కేసు కట్టేదీ లేనిదీ తేలుస్తానన్నాడు ఎస్సై. అందాకా ప్రార్థన పెట్టవద్దన్నాడు. కేసు కడితే వాడి బతుకు ఏమిటో నీకు తెలుసు. బడి వ్యాను నడుపుకునేవాడు. పోలీసు కేసు ఉన్నవాడి వ్యానులో పిల్లల్ని ఎవరు ఎక్కిస్తారు? వాడి భార్య బీనాకు ఏడో నెల.

నువ్వు అడిగినదానికి: అందరం ప్రార్థనలో ఉన్నాం. నువ్వు మాట్లాడుతూ ఉన్నావు. మూడింటప్పుడు ఫిట్స్ వచ్చాయి. బ్లెస్సన్ నిన్ను భుజాన వేసుకుని వ్యానులో పడుకోబెట్టాడు. మధ్యలో గంటలు ఎవరూ చూసుకోలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకో అన్నా. అడుగుతున్నది వాడు కాదు, నేను.

యేసమ్మ

*

మదనపల్లె,
7 అక్టోబరు

యేసమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మందుల గురించి పది మాటలు రాసినచోట నా నాలుగు గంటల గురించి నాలుగు మాటలు రాశావు. గంటలు ఎవరూ చూసుకోలేదా? నీ ముందుగది గోడకు బండిచక్రమంత గడియారం ఉంది.

నువ్వు కొడుకును కాపాడుకుంటున్నావు. తల్లివి, తప్పు పట్టను. కానీ నేను ఊహించగలను. నువ్వు ఆ గదిలో లేవు. ప్రార్థన ముగిశాక అందరికీ పోయడానికి వంటింట్లో రాగిజావ కాస్తున్నావు. ఆ గోలలో నా గొంతు నీకు వినపడలేదు. నిన్నెవరూ పిలవలేదు. నువ్వు ఉండి ఉంటే ఇట్లా జరిగేది కాదు. నీకు ఇరవై రెండేళ్లప్పుడు తంబళ్లపల్లె బస్సులో ఒక చంటివాడు ఊరికే ఏడుస్తుంటే, వాడి మెడ వంచి చూసి, డ్రైవరుతో పోట్లాడి, బస్సును ఎక్కడా ఆగనివ్వకుండా ఆసుపత్రి గేటు దాకా నడిపించావు. ఆ పిల్లవాడు బతికాడు. అదే జబ్బు. పక్క సీట్లో నేనున్నాను. గొర్రెలు ఎక్కించుకున్న ఒక ముసలాయన "ఈ పాప ఎవురప్పా, కలెక్టరు మాదిరి ఉండాది" అన్నాడు. నాకు ఆ రోజు కలిగిన గర్వం నా డిగ్రీ వచ్చిననాడు కూడా కలగలేదు.

అందుకే నీ మాట ఒక్కటి చాలు నాకు.

ఇది చెవుల కోసమే అనుకోకు. తొంభై మూడులో రాహేలు పోయినప్పుడు సంఘం పెద్దలు గడప తొక్కలేదు. వాళ్ల ఎన్నికల దొంగతనం గురించి నేను పత్రికకు రాశానని కోపం. నా భార్య శవం పక్కన ఒక్క పాట పాడేవాడు లేక, నువ్వూ నేనూ నలుగురు మనుషుల్ని వెతుక్కుని మట్టి చేశాం. ఆ రోజు నుంచి నేను ఎవరి ప్రార్థనలోనూ కూర్చోలేదు. నా అంతట నేను నిలబెట్టుకున్నది ఈ ఒక్కటే. నాకు ఒళ్లు తెలియని సమయం చూసి దాన్ని కూడా దోచుకున్నారు. శాలేము రాజు మారుమనసు పొందాడని కుప్పం అంతా చెప్పుకున్నారట. జబ్బును క్షమించవచ్చు. దీన్ని క్షమించను.

శాలేము రాజు

*

కుప్పం,
21 అక్టోబరు

అన్నకు,

బ్లెస్సన్‌ను బడివాళ్లు వారం కిందటే ఆపేశారు. కేసు తేలాక రమ్మన్నారు. వాడు ఇప్పుడు వి.కోట సంతకు టమోటా తోలే టెంపోకు రోజు కూలికి పోతున్నాడు.

మొన్న ఆదివారం పుంగనూరు నుంచి మునిరాజు వచ్చాడు. నీ దగ్గర చదువుకున్నవాడు, బస్టాండు పక్కన మందుల అంగడి. నీ సంగతి ఇప్పుడే తెలిసిందట, ఇక్కడే ఉన్నావనుకుని పండ్లు తెచ్చాడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఇవి వాడి మాటలు:

"మేడమ్, సారుకు జులై నుంచీ కుడి చెవి కారతా ఉండె. మదనపల్లెలో చీటీ లేకుండా ఇయ్యరని నా దగ్గరికొచ్చి మాత్రలు తీసకపోయె. వారం వేసుకోమంటి. నాలుగు దినాలకే తగ్గిపోయిందని ఆపేసినాడు. ఆ శుక్రారం బస్సు మారేదానికి ఈడ దిగినాడు. అంగడి ముందరే కక్కుకునె. మెడ కట్టెమాదిరి ఉండాది. సార్, పోదాం పాండి, నా కారులో మదనపల్లెకు వెనక్కి తోలకపోతానంటి. ఏమన్నాడో తెల్సునా? 'పదో తరగతి సైన్సులో నీకు ముప్పై ఆరు మార్కులు, నువ్వు నాకు వైద్యం చెప్తావా' అనె. అంగట్లో అందురూ నగిరి. నేనూ నగితిని. అప్పుడే నేను చెయ్యి పట్టుకోని ఎక్కించాల్సింది."

వాడు కళ్లు తుడుచుకున్నాడు అన్నా.

డాక్టర్ దీప నీకు తెలివి వచ్చాక నా ఎదురుగానే కాగితం మీద అడిగింది, ముందు చెవి నొప్పి ఉందా, ఏమైనా మాత్రలు వాడావా అని. లేదు అని రాశావు. సగంలో ఆపిన మందు వల్ల జబ్బు ముసుగేసుకుని లోపల పెరుగుతుందని, వెన్ను నీటిలో క్రిమి దొరక్క వాళ్లు మూడు రోజులు తికమక పడ్డారని నీకు తెలియదు. నాకు తెలుసు. మూడు వారాలు చెవి కారింది నువ్వు దాచావు. నాలుగు గంటలకు నా కొడుకును జైలుకు పంపుతున్నావు.

యేసమ్మ

*

మదనపల్లె,
1 నవంబరు

యేసమ్మకు,

అవును. కారింది. మాత్రలు నాలుగు రోజులు వేసుకుని ఆపేశాను. మునిరాజును అవమానించాను. డాక్టరుకు అబద్ధం రాశాను. ఎందుకంటే డెబ్బై ఆరేళ్ల వాణ్ణి, సభకు రెండు వారాలుంది, చెవి పేరు చెప్తే ప్రయాణం వద్దంటారు. ప్రసాదరావు శాలువా కప్పుకుని కూర్చుని ఉండగా నేను మంచంలో ఉండాలా? అబద్ధం ఒకసారి ఆడాక మళ్లీ అడిగితే అదే ఆడతాం. నువ్వు వార్డుల్లో వేయి మందిని చూసి ఉంటావు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

చూశావా, నేను ఒప్పుకోగలను. ఆ పని ఇతరులు కూడా చేయాలని అడుగుతున్నాను.

నా తప్పు నా నాలుగు గంటల్ని చెరపదు. రోడ్డు మీద తాగి పడ్డవాణ్ణి కూడా చూసినవాడు లేపుతాడు, ఎందుకు తాగావని నాలుగు గంటలు పాట పాడడు. నీ కొడుకు పది మందికి బోధ చేసేవాడు. ఇంట్లో నర్సు ఉంది. పిలిచి ఒక మాట అడగవచ్చు. అడగలేదు. అదే నా కేసు. ఇంకేమీ లేదు.

ఎస్సై నవంబరు ఇరవై ఐదున రమ్మని రాశాడు. మునిలక్ష్మి తోడుగా వస్తుంది. ఈలోగా ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. ఆ శనివారం బ్లెస్సన్ నిన్ను అడిగాడా, లేదా? లేదు అన్న ఒక్క మాట నీ సంతకంతో పంపు. అది స్టేషనులో ఇచ్చి వచ్చేస్తాను. అడిగాడు అంటావా, ఆ కాగితమే పంపు.

శాలేము రాజు

*

కుప్పం,
11 నవంబరు

అన్నకు,

అడిగాడు.

నేను వంటింట్లో లేను. చాప మీద, నీ కాళ్ల దగ్గరే కూర్చుని ఉన్నాను. ప్రార్థన పదింటికి మొదలైంది. నువ్వు లోపలి గదిలోంచి నీ అంతట నువ్వే తూలుకుంటూ వచ్చి మధ్యలో కూలబడ్డావు. పదకొండుకు మాట్లాడడం మొదలుపెట్టావు. ముందు ఇంగ్లిషు. తర్వాత నాకు తెలియని భాష. రెడ్డెమ్మ "వచ్చినాది, సారుకు వచ్చినాది" అని అరిచింది. అందరూ లేచి నిలబడ్డారు.

నేను నిలబడలేదు. నీ నుదురు కాలిపోతోంది. కిటికీ వెలుతురు పడితే మొహం తిప్పుకుంటున్నావు. నా చెయ్యి నీ మెడ కిందికి పోయింది, అలవాటు కొద్దీ. గడ్డం ఎదకు ఆననివ్వలేదు. పదకొండున్నర. నేను గడియారం చూశాను. నర్సులు చూస్తారు.

అప్పుడు బ్లెస్సన్ నా మీదికి వంగి అడిగాడు.

"మా, మామకు ఒళ్లు కాలతా ఉండాది. ఇది జబ్బేమో, తోలకపోదామా? వ్యాను వాకిట్లోనే ఉండాది."

అదే నిమిషంలో నువ్వు తెలుగులో మాట్లాడావు. నాన్న మనకు వసారాలో కూర్చోబెట్టి నేర్పిన కీర్తన, మొదటి నుంచి చివర దాకా, ఒక్క ముక్క తప్పకుండా చెప్పావు. తర్వాత రాహేలు వదినను పేరు పెట్టి పిలిచి, "వాళ్లు రాకపోతేనేమే, నేనే పాడతాను" అని పాట ఎత్తుకున్నావు. ఆమె శవం దగ్గర నువ్వు పాడని పాట. ముప్పై ఒక్క సంవత్సరాలు అన్నా. ప్రతి శనివారం ఉపవాసం ఉన్నది దేని కోసం అనుకున్నావు? ఆ ప్రార్థనలో మొదటి పేరు నీదే. నువ్వు పాడుతున్నావు. నా చేతి కింద నీ మెడ కట్టెలాగా ఉంది. రెండూ నాకు తెలుసు.

"జబ్బు కాదులేరా. నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాను.

వాడు నమ్మాడు. నర్సును నేను. వాడు పుట్టినప్పటి నుంచి జ్వరమో కాదో తేల్చింది నేనే. వాడు ఒంటిగంటకు ఇంకోసారి అడిగాడు. అప్పటికి నువ్వు పాడడం లేదు, గొణుగుతున్నావు. అప్పుడైనా చెప్పవచ్చు. కానీ చెప్తే, పదకొండున్నరకు ఎందుకు చెప్పలేదని వాడు నా మొహం చూస్తాడు. ఆ భయంతో ఇంకో రెండు గంటలు. ఇది మొదటిదాని కంటే చెడ్డది. నువ్వు రాశావే, అబద్ధం ఒకసారి ఆడాక మళ్లీ అదే ఆడతామని. ఆ ముక్క చదివి కాగితం మడిచి పెట్టేశాను.

ఫిట్స్ వచ్చినప్పుడు నేను కదలలేదు. వాడే నిన్ను ఎత్తుకున్నాడు. ఆ మధ్యాహ్నం వ్యానులో నీ తల నా ఒళ్లో ఉంది. వాడు వెనక్కి తిరిగి ఒక్కసారి నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. ఇప్పటి దాకా అడగలేదు. స్టేషనులో కూడా చెప్పలేదు.

నువ్వు నన్ను వంటింట్లో పెట్టి రాసిన ఉత్తరం వచ్చినప్పుడే రాయాల్సింది. తంబళ్లపల్లె బస్సు దాకా చదివి లేచిపోయాను.

ఈ కాగితం స్టేషనులో ఇవ్వు. నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.

సి. యేసమ్మ, రిటైర్డ్ స్టాఫ్ నర్సు

*

పుంగనూరు బస్టాండు,
25 నవంబరు

యేసమ్మకు,

మదనపల్లె బస్సు ఇంకా పెట్టలేదు. మునిరాజు అంగట్లో కూర్చుని, వాడి బిల్లు పుస్తకం వెనక పేజీల మీద రాస్తున్నాను. వాడికి క్షమాపణ చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి గట్టిగానే చెప్పి ఉంటాను, అంగట్లో అందరూ తిరిగి చూశారు. ముప్పై ఆరు కాదట, నలభై ఒకటట. సరిదిద్దాడు.

కుప్పం వచ్చి నీ ఇంటికి రాలేదు. వీధి మొదట్లో ఆటో ఆపించి, మళ్లీ స్టేషనుకు పోనివ్వమన్నాను.

బ్లెస్సన్ నా కంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కాకు టమోటా మరకలు. లేచి నా చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించాడు. ఫిర్యాదు చేసినవాణ్ణి నిందితుడు మెట్టు ఎక్కించడం ఎస్సై కూడా చూశాడు.

ఎస్సై కాగితం మీద రాసి అడిగాడు, మేం జవాబులు చెప్పాం. వాడి జవాబులు నా కోసం వాడే కింద రాశాడు. ఆ కాగితం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

"ఇంట్లో మీ అమ్మ నర్సు గదా. ఆయమ్మను అడిగినావా?"

"లేదు సార్. అమ్మ వంటింట్లో ఉండె. నేనెవురినీ అడగలేదు. తప్పంతా నాదే."

అది రాసి, కలం మూత పెట్టి, నా వైపు చూశాడు. వంటింటి కథ నేను అల్లింది. నా ఉత్తరాలు నువ్వు వాడికి చదివి వినిపించావో, వాడే తీసి చదువుకున్నాడో నాకు తెలియదు. నీ కాగితం నా చొక్కా జేబులో ఉంది. అందులో ఉన్నది ఎస్సైకి ఇస్తే ఆ నిమిషమే వాడు విడుదల, నువ్వు ముద్దాయివి. నేను అడిగిన న్యాయం అదే. ముప్పై ఏళ్లుగా అందరి దగ్గరా అడుగుతున్నది కూడా అదే, నిజం చెప్పండి అని. ఆ నిజం నా జేబులోకి వచ్చి కూర్చుంది. ఎక్కడా లేని బరువు.

నేను వేరే కాగితం అడిగి రాశాను. ప్రయాణానికి ముందు మూడు వారాలు నా చెవి కారిందని, మందు సగంలో ఆపానని, పుంగనూరులో ఒకరు వెనక్కి తిరగమన్నా వినలేదని, డాక్టరుకు అబద్ధం చెప్పానని, నా మేనల్లుడు నన్ను తన వ్యానులో ఆసుపత్రికి చేర్చాడని. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని. ఇందులో ఒక్క అబద్ధం లేదు, వెతుక్కో. ఎస్సై చదివి, "ఈ మాట ముందే చెప్పింటే అయిపోవును గదా సారూ, రెండు నెలలు తిప్పితిరే మమ్మల్ని" అని రాశాడు. కేసు లేదని బడికి చూపించుకోవడానికి ఒక కాగితం రాసివ్వమని అడిగాను. ఇచ్చాడు. బ్లెస్సన్ దగ్గర ఉంది.

బస్సు ఎక్కించేటప్పుడు వాడు అరచేతిలో రాసి చూపించాడు: "మామా, అమ్మ మీకేమన్నా రాసినాదా?"

"మూర్ఛ మాత్ర మానొద్దని రాసింది" అన్నాను.

వాడు నమ్మాడో లేదో తెలియదు. వాడి మొహం మన నాన్నలా ఉంది.

ఇక నీ సంగతి. నేను నీకు చాలా రాయాలనుకున్నాను. నీ కాగితం అందినప్పటి నుంచి రోజుకొకటి రాసి చింపాను. నా చెవులు తీసినందుకు కాదు. చెవులు నేను సగం తీసుకున్నాను, నువ్వు సగం తీశావు, ఆ పంపకం ఎవరూ తేల్చలేరు. నేను రాహేలు కోసం పాడానని నువ్వు విన్నావు. నేను వినలేదు. నా నోట్లోంచి వచ్చిన ఆ పాట నీ దగ్గర ఉంది, నా దగ్గర లేదు. అది ఎలా ఉందో అడుగుదామంటే, నువ్వు చెప్పినా నాకు వినపడదు. దానికి నిన్ను ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

నిన్ను క్షమించలేదు. మంచి మాట కోసం అబద్ధం రాయను.

నీ కాగితం ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. నా దగ్గర ఉంచుకుంటే ఏదో ఒక రోజు కోపం వచ్చి వాడతాను. నా సంగతి నాకు తెలుసు. చింపేద్దామంటే నిన్ను క్షమించినట్టు అవుతుంది. నువ్వు చింపుకో, లేదా వాడికి చూపించు. వాడు ఆ రోజు వ్యానులో వెనక్కి తిరిగి నిన్ను చూశాడు కదా. జవాబు వాడికి బాకీ ఉంది, నాకు కాదు.

బస్సు పెట్టారు. మునిలక్ష్మి చెయ్యి ఊపుతోంది.

నీ అన్న